అలర్జీ: లక్షణం ఎంతసేపటికి కనిపించిందో చూస్తే కారణం దొరుకుతుంది

అలర్జీ అనగానే ఏం తిన్నామా అని వెతుక్కుంటాం. అంతకంటే ముందు టైము చూడాలి. ఏ హానీ చేయని పదార్థాన్ని శరీరం శత్రువుగా లెక్కేసి, ఐజీఈ అనే యాంటీబాడీలు తయారుచేసి, వాటిని మాస్ట్ కణాలనే రక్షణ కణాలకు అంటించి ఉంచుతుంది. అదే పదార్థం మళ్లీ తగిలితే ఆ కణాలు నిమిషాల్లో హిస్టమిన్ అనే, దురద, వాపు తెచ్చే రసాయనాన్ని వదులుతాయి. కాబట్టి ఇన్నాళ్లూ పడిన తిండి ఇకముందూ పడుతుందని నమ్మకం లేదు.

దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, ఆయాసం, కళ్లు తిరగడం

ఇది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ. మందు అడ్రినలిన్ ఒక్కటే. సెట్రిజిన్ లాంటి యాంటీహిస్టమిన్ (అలర్జీ) మాత్ర వేసి చూద్దాం అనుకోవద్దు, అది మూసుకుపోతున్న గొంతును తెరవలేదు. ఆటో ఇంజెక్టర్ (అడ్రినలిన్ నింపి ఉంచిన ఇంజెక్షన్ పెన్ను) ఉంటే వెంటనే తొడ బయటివైపు మధ్యలో పొడవండి, అంబులెన్సుకు ఫోన్ చేయండి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టొచ్చు గానీ లేపి నడిపించకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. 5 నిమిషాలకూ తగ్గకపోతే రెండో డోసు. తగ్గినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొందరికి కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెడుతుంది.

నిద్ర లేవగానే వరుస తుమ్ములు, ముక్కులో దురద

జ్వరం లేదు, 10 రోజులు దాటినా తగ్గలేదు అంటే జలుబు కాకపోవచ్చు. పరుపులో ఉండే, కంటికి కనపడని డస్ట్ మైట్లనే పురుగులను అనుమానించండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. గదిలో తేమ 50 శాతం దాటనివ్వకూడదు.

స్టెరాయిడ్ నేసల్ స్ప్రే పనిచేయలేదనేవాళ్లలో చాలామంది కొట్టే తీరే తప్పు. తల కాస్త వంచి, ఎడమ ముక్కులోకి కుడిచేత్తో, కుడి ముక్కులోకి ఎడమచేత్తో కొట్టాలి. అప్పుడు మందు మధ్య గోడకు తగలకుండా బయటివైపుకు పోతుంది. గట్టిగా పీలిస్తే గొంతులోకి జారిపోతుంది. పూర్తి ఫలితానికి రెండు వారాలు పట్టొచ్చు, మూడోరోజే మానేయకండి. ముక్కు దిబ్బడకు వేసుకునే ఆక్సీమెటాజోలిన్ లాంటి చుక్కలు మాత్రం నాలుగైదు రోజులు మించి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుంది.

ఒళ్లంతా దద్దుర్లు

ఒక దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీయండి. మామూలు దద్దురైతే 24 గంటల్లోపు అక్కడ మాయమై ఇంకోచోట లేస్తుంది. అక్కడే ఉండి నొప్పి పెట్టినా, కమిలినా డాక్టరుకు చూపించాలి. తిండి వల్లయితే సాధారణంగా రెండు గంటల్లోపే బయటపడుతుంది. ఆరు వారాలకు పైగా రోజూ వస్తుంటే తిండి కారణం కావడం అరుదు, ఒక్కొక్కటే మానేసి చిక్కిపోవద్దు. యాంటీహిస్టమిన్ హిస్టమిన్‌ను తీసేయదు, అది అతుక్కునే చోటును ముందే ఆక్రమిస్తుంది. కాబట్టి దద్దుర్లు లేచాక వేసుకోవడం కంటే డాక్టరు చెప్పినన్నాళ్లు రోజూ వేసుకుంటేనే గుణం.

వాచీ కింద, బెల్టు బకిల్ కింద ఎర్రబడి పొట్టు రేగడం

నికెల్ కావచ్చు. ఇది ఐజీఈ పని కాదు, టీ కణాలనే వేరే రక్షణ కణాల పని, ఒకటి నుంచి మూడు రోజులు ఆలస్యంగా వస్తుంది. హిస్టమిన్ పాత్ర లేదు కాబట్టి యాంటీహిస్టమిన్ మాత్రలతో పెద్దగా లాభముండదు. ఆ లోహం తగలకుండా చూసుకుని, డాక్టరు రాసిన స్టెరాయిడ్ పూత రాయాలి. దీనికి చేయించాల్సింది వీపుకు 48 గంటలు అంటించి ఉంచే ప్యాచ్ టెస్ట్.

టెస్టులో ఏమీ తేలలేదు

చర్మాన్ని సూదితో గుచ్చి చూసే స్కిన్ ప్రిక్ టెస్టుకు ముందు యాంటీహిస్టమిన్ ఆపారా? కనీసం 5 నుంచి 7 రోజులు ఆపకపోతే ఉన్న అలర్జీ కూడా కనపడదు. పాజిటివ్ వచ్చినా, ఆ పదార్థం తగిలినప్పుడు నిజంగా లక్షణాలు వస్తేనే దాన్ని అలర్జీగా లెక్కవేయాలి.