పసిపిల్లల రక్షణ, లెక్క అప్పగించే వయసు: పాఠం చెప్పేవారికి

పసితనంలోనే చనిపోయిన బిడ్డకు రక్షణ ఉందా అన్న ప్రశ్న బైబిలు తరగతిలోనూ వస్తుంది, బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లోనూ వస్తుంది. రెండు చోట్లా సిద్ధాంతం ఒకటే. ఎంత చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నది మాత్రం వేరు. లెక్క అప్పగించే వయసంటే, మనిషి తన పాపాలకు తానే దేవునికి జవాబు చెప్పవలసిన వయసు; ఆ సంగతీ దీంతోపాటే వస్తుంది. ముందు తరగతి సంగతి చూద్దాం.

గంట సమయం చాలు. ద్వితీయోపదేశకాండము 1:39, 2 సమూయేలు 12:15–23, యోనా 4:11, మార్కు 10:13–16, రోమా 5:12–19, ఈ ఐదు భాగాలూ చదివించండి. బోర్డు మీద రెండు వరసలు గీసి, ఒక్కో వచనం ఏం చెబుతోందో ఒక వైపు, ఏం చెప్పడం లేదో రెండో వైపు రాయించండి. ఈ పని చేయించకుండా నేరుగా ముగింపుకు వెళ్తే, పిల్లల మీద ఉన్న జాలినే వచనంలో చదివేస్తారు.

ఉదాహరణకు ద్వితీయోపదేశకాండము 1:39 తీసుకోండి. మంచిచెడ్డలు ఎరుగని పిల్లలు కనానులో ప్రవేశిస్తారని ఉంది. పెద్దల తిరుగుబాటును దేవుడు వాళ్ల ఖాతాలో వేయలేదు. కానీ అక్కడున్నది కనాను, పరలోకం కాదు. పైగా సంఖ్యాకాండము 14:33 ప్రకారం ఆ పిల్లలే నలభై ఏళ్లు అరణ్యంలో తిరిగి తండ్రుల పాపఫలం మోశారు. కాబట్టి ఈ వచనం దేవుని తీరు చూపిస్తుందే తప్ప శిశువుల రక్షణను నేరుగా రుజువు చేయదు. చనిపోయిన తన పసిబిడ్డ గురించి దావీదు "నేను వాని యొద్దకు పోవుదును" (2 సమూయేలు 12:23) అన్న మాటా అంతే. కొందరు దాన్ని సమాధికే పరిమితం చేస్తారు. అయినా ఆ మాట చెప్పిన మనిషి అప్పటికే లేచి, స్నానం చేసి, మందిరానికి వెళ్లి మొక్కి, భోజనం చేశాడు. ఎదిగిన కొడుకు అబ్షాలోము చనిపోయినప్పుడు అతను ఏడ్చిన తీరుతో పోల్చి చూస్తే ఇక్కడ ఆశ ఉందనే అనిపిస్తుంది. బలమైన సూచనే, రుజువు కాదు.

ఎక్కువమంది పొరబడేది రోమా 5 దగ్గర. "పసిపిల్లలకు పాపమే లేదు, అందుకే రక్షణ" అని చెప్పేస్తారు. వినడానికి బాగుంటుంది కానీ, అలాగైతే వాళ్లకు క్రీస్తు అక్కరలేదని ఒప్పుకున్నట్టే. 14వ వచనం ప్రకారం ఆదాములా ఆజ్ఞ మీరనివాళ్ల మీద కూడా మరణం ఏలింది. మనిషి పుట్టుకతో పాపి కాదన్న పెలేజియస్ వాదం మీద కార్తేజ్ సంఘసభ 418లో తీర్పు ఇచ్చినప్పుడు నడిచిన గొడవా ఇదే. సరైన వాక్యం ఇలా ఉండాలి: శిశువు రక్షింపబడేది క్రీస్తు కార్యం వల్ల, తన నిర్దోషత్వం వల్ల కాదు. దీన్ని ఇద్దరు ముగ్గురి చేత సొంత మాటల్లో చెప్పించండి. ఆ తర్వాతే 2 కొరింథీ 5:10 తీయండి. అక్కడ తీర్పు దేహంతో చేసిన క్రియల మీద జరుగుతుంది, శిశువు తెలిసి చేసిన క్రియ ఏదీ లేదు. పుట్టుకతో వచ్చిన స్వభావం, తెలిసి చేసిన క్రియ అన్న తేడా ఇక్కడ తేటపడుతుంది.

సంఘాల మధ్య తేడాలకు పది నిమిషాలు మించనివ్వకండి. బాప్తిస్మం లేని శిశువులకు అతి తేలికైనదైనా శిక్ష తప్పదన్నాడు తొలి సంఘ పండితుడు అగస్టీన్. మధ్యయుగ పండితులు లింబో అన్న స్థితిని (బాధా లేదు, పరలోక దర్శనమూ లేదు) ఊహించారు, కానీ కథోలిక సంఘం దాన్ని విశ్వాస సత్యంగా ఎన్నడూ ప్రకటించలేదు. ఆ సంఘ బోధల సంగ్రహమైన సత్యోపదేశం 1261వ పేరా అలాంటి శిశువులను దేవుని కరుణకు అప్పగిస్తుంది. భక్తిగల తల్లిదండ్రులు పసితనంలో పోయిన తమ బిడ్డల రక్షణను శంకించనక్కరలేదని నెదర్లాండ్స్‌లో జరిగిన సంస్కరణ సంఘాల డోర్ట్ సభ (1618–19) రాసింది. ప్రెస్బిటేరియన్ల విశ్వాస ప్రకటన వెస్ట్‌మినిస్టర్ ఒప్పుకోలు, రక్షణ పొందేది "ఎన్నుకోబడిన శిశువులు" అని చెప్పి ఆగిపోయింది. అమెరికా ప్రెస్బిటేరియన్లు 1903లో పసితనంలో చనిపోయే వారందరూ అందులో ఉన్నారని వివరణ చేర్చారు. లెక్క అప్పగించే వయసు అన్న మాట ఎక్కువగా వినిపించేది బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో.

ఆ వయసు ఎంత? బైబిలు అంకె చెప్పలేదు. ఏడు అన్నది కథోలిక సంఘ చట్టం వివేకానికి పెట్టుకున్న గీత. పదమూడు యూదుల ఆచారంలో మగపిల్లలకు పెట్టిన వయసు. పన్నెండు అనేవారు లూకా 2:42 చూపిస్తారు గానీ, అక్కడ ఉన్నది పండుగ ప్రయాణమే. ఇరవై అనేవారు సంఖ్యాకాండము 14:29 చూపిస్తారు. అది యుద్ధానికి లెక్కించిన వయసు. "పన్నెండు దాటితే నరకమే" అని పిల్లలతో అనకండి. భయంతో పుట్టినరోజు లోపల బాప్తిస్మం అడిగే పిల్లలు తయారవుతారు, పశ్చాత్తాపం మాత్రం రాదు.

సొంతంగా నమ్మినవారికే బాప్తిస్మం ఇచ్చే సంఘంలో ఒక పిల్ల బాప్తిస్మం అడిగితే, తల్లిదండ్రులను కాస్త దూరంగా, కనబడేంతలో కూర్చోబెట్టి మాట్లాడండి. "యేసు నీ పాపాల కోసం చనిపోయాడని నమ్ముతున్నావా?" అంటే నాలుగేళ్ల పిల్ల కూడా అవునంటుంది. "యేసు ఎందుకు చనిపోయాడు?" అని అడిగి ఊరుకోండి. ఎవరికీ దొరక్కుండా చేసిన తప్పును తనంతట తానే ఎప్పుడైనా ఒప్పుకుందా అని కూడా అడగండి. దెబ్బలకు భయపడటం వేరు, దేవుని యెదుట తప్పు చేశానని నొచ్చుకోవడం వేరు. నెల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ వేయండి. బట్టీ పట్టిన జవాబైతే మాట మారకుండా అదే వస్తుంది. అలాగని వయసు చాలదని ఏళ్ల తరబడి తిప్పి పంపడమూ తగదు. బుద్ధి ఎదగని పెద్దవారి విషయంలోనూ పుట్టిన ఏడాది కాదు, గ్రహించే శక్తే కొలత.

ఇక బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు. అక్కడ ఐదు నిమిషాలు, మార్కు 10:13–16, చిన్న ప్రార్థన చాలు. 2 సమూయేలు 12 మొదటినుంచి చదవకండి. 14వ వచనంలో ఆ బిడ్డ చావు దావీదు పాపానికి ముడిపడి ఉంది, విన్న తల్లి తన పాపం ఏమిటా అని వెతుక్కోవడం మొదలుపెడుతుంది. తప్పదనుకుంటే 22వ వచనం నుంచి చదవండి. బిడ్డ దేవదూత అయిందని అనకండి, మనుషులు దేవదూతలు కారు. బాప్తిస్మం అయిందా అని మీరుగా అడగకండి. కథోలిక కుటుంబమైతే, తల్లిదండ్రులు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పించాలనుకున్న బిడ్డకు బిషప్ అనుమతితో సంఘ అంత్యక్రియలు జరపవచ్చని ముందే తెలుసుకుని వెళ్లండి. రోమా 5 గురించి వాళ్లే తర్వాత ఎప్పుడైనా అడిగితే, తరగతి పాఠం అప్పుడు మొదలుపెట్టవచ్చు.