తరగతి రికార్డింగు నేర్చుకుందాం – మూడో పాఠం: ఏ వ్యవస్థను ఎంచుకోవాలి?

మొదటి పాఠంలో మైకు గురించి, రెండో పాఠంలో కెమెరా, బోర్డు, వెలుతురు గురించి చెప్పుకున్నాం. ఆ రెండూ చేసి చూసినవారి దగ్గర ఇప్పటికి వినదగిన శబ్దం, చూడదగిన బొమ్మ ఉన్న వీడియో ఫైలు ఒకటి తయారై ఉంటుంది. ఆ ఫైలు విద్యార్థి ఫోనుకు ఏ దారిన చేరాలి, దారిలో ఎన్ని చేతులు మారాలి అన్నది ఈ పాఠం.

విశ్వవిద్యాలయంలో కొనుగోలు కమిటీ కూర్చుందంటే చర్చ కెమెరా దగ్గర మొదలై కెమెరా దగ్గరే ముగుస్తుంది. పెళ్లి వీడియో మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. పెళ్లి ఒక్కసారే జరుగుతుంది. తరగతి రేపు తొమ్మిదింటికి మళ్లీ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది, పక్క గదిలో అదే వేళకు ఇంకొకటి ఉంటుంది. కాబట్టి మీరు కమిటీ ముందు పెట్టవలసిన మొదటి ప్రశ్న కెమెరాది కాదు: రోజూ ఆ బటన్ ఎవరు నొక్కుతారు?

అధ్యాపకులే నొక్కుతామంటే మీకు పెద్ద వ్యవస్థ అక్కరలేదు. ఎవరూ నొక్కకూడదు, టైంటేబుల్ చూసుకుని అదే మొదలై అదే ఆగాలి అంటే అది వేరే రకం సాఫ్ట్‌వేర్. ఈ రెండింటి మధ్య తేడా తెలియకుండా ముప్ఫై అంశాల పోలిక పట్టిక వేసి, ఒక్కో అంశానికి మార్కులిచ్చి, మొత్తం కూడితే వచ్చేది ఒక అంకె మాత్రమే. దానితో నిర్ణయం జరగదు.

రెండో ప్రశ్న, మీ పాఠం ఎలాంటిది? తిరుపతి ఈ ప్రశ్నకు మంచి ప్రయోగశాల. 1954లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ (విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) అన్నీ ఒక్క ఊరి చుట్టూ ఉన్నాయి. గ్రంథం ముందు పెట్టుకుని పంక్తి పంక్తికీ వ్యాఖ్యానం చెప్పే శాస్త్రపాఠానికి వీడియో నిజంగా అవసరమా? చక్కటి ఆడియో, పక్కన ఆ పుట బొమ్మ ఉంటే చాలు. బోర్డు నిండా గణిత నిరూపణ రాసేవారికి కెమెరా తప్పనిసరి, స్లైడ్లు అనవసరం. శస్త్రచికిత్స చూపించే గదిలో రెండు కెమెరాలు కావాలి. స్లైడ్ల మీదే నడిచే పాఠానికి తెర, గొంతు ఉంటే తొంభై పాళ్లు పని అయినట్టే. మీ గదుల్లో ఏ రకం ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకున్నాకే కింది పేర్లు చదవండి. ఇవన్నీ ఓపెన్ సోర్స్, అంటే మూల కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచి, లైసెన్సు రుసుము లేకుండా ఇచ్చే సాఫ్ట్‌వేర్లు.

ఓబీఎస్ స్టూడియో. అధ్యాపకుడి ల్యాప్‌టాప్‌లోనో, గదిలోని కంప్యూటర్లోనో నడుస్తుంది. తెరను, కెమెరాను, మైకును కలిపి ఒక ఫైలుగా రాస్తుంది. అంతే, ఆ తరువాత దానికి సంబంధం లేదు. ఫైలుకు పేరు పెట్టడం, పంపడం, విద్యార్థులకు చూపడం అన్నీ మనుషుల పనులు. రెండు మూడు గదులున్న విభాగానికి నేను మొహమాటం లేకుండా దీన్నే సూచిస్తాను. ఒక్క జాగ్రత్త ఉంది. వీడియో ఫైళ్లలో ఎంపీ4, ఎంకేవీ అని రెండు రూపాలున్నాయి; రికార్డింగును మామూలు ఎంపీ4గా కాక ఎంకేవీ రూపంలో పెట్టుకోండి. ఎంపీ4 ఫైలుకు తన సూచిక (లోపల ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక) చివర్లో రాయబడుతుంది. గంట పాఠం యాభై ఎనిమిదో నిమిషంలో కరెంటు పోతే ఆ సూచిక రాదు, ఫైలు తెరుచుకోదు. ఎంకేవీలో అప్పటిదాకా రాసినదంతా నిలుస్తుంది. తరువాత ఓబీఎస్‌లోనే నాణ్యత తగ్గకుండా ఎంపీ4గా మార్చుకోవచ్చు. మే నెలలో మన కరెంటు సంగతి తెలిసినవారికి ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

బిగ్‌బ్లూబటన్. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో 2007లో పుట్టింది. ఇది ప్రధానంగా ఆన్‌లైన్ తరగతి, రికార్డింగు దానికి తోక. విద్యార్థులు కూడా ఎక్కడెక్కడి నుంచో చేరే పాఠాలకు బాగుంటుంది. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజున అలిపిరి వైపు నుంచి ఎవరూ కళాశాలకు రాలేరు గదా, ఆ రోజు పాఠానికి సరిగ్గా సరిపోతుంది. బోర్డు మీద రాసే గదిపాఠానికి దీన్ని వాడబోతే ఇబ్బంది పడతారు. ఇందులో చాలామంది గమనించని సంగతి మరొకటి. రికార్డింగుకు అనుమతి ఉన్న సమావేశంలో సర్వరు ముడి సమాచారాన్ని మొదటి నుంచీ పట్టి ఉంచుతుంది. రికార్డు బటన్ నొక్కిన భాగాలను మాత్రమే తరువాత వీడియోగా పేర్చుతుంది. ఆపేశాం గదా అని అధ్యాపకులు మాట్లాడిన మాటలు సర్వరులో కొంతకాలం ఉంటాయి. వాటిని ఎప్పుడు చెరిపేయాలో ముందే నిర్ణయించుకోండి.

పీర్‌ట్యూబ్ పేరు కూడా మీ చెవిన పడుతుంది. అది వీడియోలను లోకానికి చూపే వేదిక, తరగతిని పట్టే వ్యవస్థ కాదు. బహిరంగ ఉపన్యాసాలకు మంచిదే, నమోదైన విద్యార్థులకు మాత్రమే చూపవలసిన పాఠాలకు కాదు.

ఇక అసలు పోటీదారు ఓపెన్‌కాస్ట్. బర్క్‌లీ, ఈటీహెచ్ జ్యూరిక్ వంటి విశ్వవిద్యాలయాలు తరగతుల రికార్డింగుకు ఎవరికి వారు విడిగా అవస్థ పడలేక, చేతులు కలిపి రాయించుకున్న సాఫ్ట్‌వేర్. మ్యాటర్‌హార్న్ అనే పేరుతో మొదటి విడుదల 2010లో వచ్చింది. ఇప్పుడు విద్యాసంస్థల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లకు అండగా ఉండే అపెరియో ఫౌండేషన్ నీడలో ఉంది. మాంచెస్టర్, కేప్‌టౌన్, ఓస్నాబ్రూక్ విశ్వవిద్యాలయాలు దీన్ని వాడాయి.

ఇది పనిచేసే తీరు అర్థమైతే ఎంపిక సగం అయినట్టే. గదిలో పెట్టిన చిన్న కంప్యూటర్లో గాలికాస్టర్ లేదా పైకా వంటి రికార్డు సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. అది కేంద్ర సర్వరును అడిగి తన గది టైంటేబుల్ తెచ్చుకుంటుంది, వేళకు రికార్డు మొదలుపెడుతుంది, వేళకు ఆపుతుంది, ఫైళ్లను సర్వరుకు పంపుతుంది. కెమెరా, స్లైడ్లు విడివిడి ఫైళ్లుగా వెళ్తాయి, కాబట్టి విద్యార్థి రెండింటిలో ఏది పెద్దదిగా చూడాలో తానే ఎంచుకోవచ్చు. సర్వరులో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో మార్పిడి సాధనం వాటిని రకరకాల పరిమాణాలకు కుదిస్తుంది. స్లైడు మారిన చోటల్లా గుర్తు పెడుతుంది. టెసరాక్ట్ అనే అక్షర గుర్తింపు సాధనంతో స్లైడు మీది మాటలు చదివి వెతకడానికి వీలుగా ఉంచుతుంది. టెసరాక్ట్‌కు తెలుగు, సంస్కృతం భాషా సమాచారం దొరుకుతుంది, కానీ దాన్ని మీరు విడిగా చేర్చి, వాడమని చెప్పాలి. అచ్చక్షరాల మీదే ఆశ పెట్టుకోండి, బోర్డు మీది చేతిరాత మీద వద్దు. మాటలను ఉపశీర్షికలుగా మార్చే విస్పర్‌ను కూడా జతచేయవచ్చు. మనం తరగతిలో మాట్లాడే తెలుగు–ఇంగ్లిషు కలగలుపుకు మాత్రం ఎవరో ఒకరు కూర్చుని దిద్దక తప్పదు.

ఆ తరువాత పాఠం మూడుల్ అనే కోర్సు నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లోని కోర్సు పుటలో కనబడుతుంది. ఎల్‌టీఐ అనే ప్రమాణం ద్వారా రెండూ మాట్లాడుకుంటాయి, కాబట్టి కోర్సులో ఉన్నవారికి మాత్రమే పాఠం తెరుచుకునేలా అమర్చుకోవచ్చు.

వింటే వెంటనే పెట్టేద్దామనిపిస్తుంది. ఆగండి. ఓపెన్‌కాస్ట్ ఒక యంత్రంలో నడుస్తుంది, పరీక్షకు అది చాలు. నిజమైన వాడకానికి నిర్వహణకు ఒకటి, కుదింపుకు ఒకటి రెండు, చూపించడానికి ఒకటి, వీటన్నింటికీ ఉమ్మడిగా ఒక నిల్వ కావాలి. పైగా ఏడాదికి రెండు పెద్ద విడుదలలు వస్తాయి. లినక్స్ తెలిసి, డేటాబేసు అంటే భయం లేని ఉద్యోగి కనీసం ఇద్దరు ఉండాలి. ఒప్పంద ఉద్యోగి ఒక్కరినే నమ్ముకుని పెడితే, ఆ వ్యక్తి బెంగళూరు బస్సెక్కిన రోజున మీ వ్యవస్థ కూడా ఎక్కినట్టే. డబ్బు లేదని ఓపెన్ సోర్స్‌ను ఎంచుకునేవారికి నా మాట ఇదే: లైసెన్సుకు మిగిలిన డబ్బును జీతానికి పెట్టగలిగితేనే ముందుకు వెళ్లండి. లేదంటే ఓబీఎస్, ఒక క్రమశిక్షణ గల ఫోల్డరు, మూడుల్ చాలు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

నిల్వ లెక్క ఇప్పుడే వేసుకుందాం, కాగితం తీయండి. కెమెరాకు సెకనుకు 3 మెగాబిట్లు, స్లైడ్లకు 1 మెగాబిట్ అనుకుంటే మొత్తం 4. గంటకు 3,600 సెకన్లతో గుణించి, బైట్లలోకి మార్చడానికి 8తో భాగిస్తే 1,800 మెగాబైట్లు, అంటే 1.8 గిగాబైట్లు. ఆరు గదులు, రోజుకు ఐదేసి గంటలు: 54 గిగాబైట్లు. 180 పనిదినాలకు 9,720, దాదాపు పది టెరాబైట్లు. ఇది అసలు ఫైళ్లకే. చూపించడానికి కుదించిన ప్రతులు అదనం. వేరే భవనంలో రెండో ప్రతి ఉంచితే మొత్తం ఇరవై దాటుతుంది. వేరే భవనం అన్నది అలంకారానికి చెప్పడం లేదు. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో ఎన్ని వీధులు మునిగాయో చూసినవారే గదా మనం. సర్వరు గది కింది అంతస్తులో ఉంటే ముందు దాన్ని పైకి మార్పించండి.

కుదింపు ప్రతుల్లో ఒకటి తప్పకుండా చిన్నది ఉండాలి. సెకనుకు అర మెగాబిట్ చొప్పున కుదిస్తే గంట పాఠం 225 మెగాబైట్లు. పుత్తూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో రోజూ వచ్చిపోయే విద్యార్థి బస్సులో ఫోను డేటాతో చూడగలిగేది ఆ ప్రతినే.

లైసెన్సు గురించి రెండు ముక్కలు. ఓబీఎస్‌కు జీపీఎల్, బిగ్‌బ్లూబటన్‌కు ఎల్‌జీపీఎల్, పీర్‌ట్యూబ్‌కు ఏజీపీఎల్, ఓపెన్‌కాస్ట్‌కు ఈసీఎల్ 2.0 అనే ఓపెన్ సోర్స్ లైసెన్సులున్నాయి. ఈ చివరిది అపాచీ లైసెన్సులోని పేటెంటు నిబంధనను విశ్వవిద్యాలయాల అవసరానికి సవరించినది. వాడుకోవడానికి ఏదీ అడ్డు రాదు. మార్పులు చేసి బయటికి ఇవ్వదలచినప్పుడు మాత్రం చదువుకోండి. పీర్‌ట్యూబ్‌ను మార్చి నెట్‌వర్కులో నడిపినా దాని వాడకందార్లకు మూల కోడ్ ఇవ్వాలి. అంతకంటే ముందు అధ్యాపకుల రాతపూర్వక అంగీకారం, విద్యార్థుల గొంతు, ముఖం రికార్డయ్యే విషయంలో స్పష్టమైన నియమం ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉందని రిజిస్ట్రారుకు గుర్తుచేస్తే ఈ ఫైలు కదులుతుంది.

అభ్యాసం

మార్కుల పట్టికకు బదులు తప్పనిసరి షరతులు నాలుగైదు రాయండి. ఒక్కటి తప్పినా ఆ పేరు కొట్టివేయండి. మిగిలినవి రెండే ఉంటాయి. ఒక నిజమైన తరగతిని ఆ రెండింటితోనూ వారం పాటు పట్టండి. పాఠం ముగిసిన క్షణం నుంచి విద్యార్థి ఫోనులో తెరుచుకునే క్షణం దాకా ఎన్ని నిమిషాలు పట్టిందో, మధ్యలో మనిషి చెయ్యి ఎన్నిసార్లు తగిలిందో రోజూ రాయండి. ఒకరోజు పాఠం మధ్యలో నెట్‌వర్కు తీగ పీకి చూడండి. ఇంకొకరోజు యూపీఎస్ ఆపండి. చెప్పి చేయండి, అధ్యాపకులకు కోపం వస్తుంది. ఈ కాగితాన్ని దాచి ఉంచండి. నాలుగో పాఠంలో ఓపెన్‌కాస్ట్‌ను ప్రయోగ యంత్రంలో నిలబెట్టి, ఎన్ని కుదింపు యంత్రాలు కావాలో లెక్క కట్టేటప్పుడు ఆ నిమిషాలతోనే మొదలుపెడతాం.