ఆర్మ్ 64 బోర్డు మీద కేజీడీబీ పెట్టే ముందు: ఇమేజ్, వీఎంలినక్స్ రెండూ ఒకే బిల్డ్‌వేనా?

పోయిన నెల మా టీములో ఒక కుర్రాడి చేతిలో బోర్డు మెమరీ కార్డు పాడైపోయింది. దాంట్లో మూడు నెలల టెస్ట్ లాగులున్నాయి. వైరు తప్పు పెట్టలేదు, కరెంటు పోలేదు. కేజీడీబీతో (నడుస్తున్న లినక్స్ కెర్నెల్‌ని ఆపి లోపల చూడనిచ్చే డీబగ్గర్) కెర్నెల్‌ని ఆపాడు, దానికి ల్యాప్‌టాప్ నుంచి కమాండ్లు ఇచ్చే జీడీబీలో ఒక ఫ్లాగు 1 అని కనబడితే దాన్ని 0 చేశాడు, వదిలాడు. అంతే. అది ఫ్లాగు కాదు. ఆ చిరునామాలో ఫైల్ సిస్టమ్ తాలూకు డేటా ఉంది. వచ్చే వారం ఇంకో నలుగురు ఇదే పని మొదలుపెడుతున్నారు, అందుకే ఇది రాస్తున్నాను. కాన్ఫిగ్‌లో ఏమేం ఆన్ చేయాలో కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, అది ఇక్కడ చెప్పను.

కొంపముంచే తప్పు

బోర్డు మీద నడిచేది ఇమేజ్, అంటే బూట్ అయ్యే కెర్నెల్ ఫైలు. మీ ల్యాప్‌టాప్‌లో జీడీబీకి ఇచ్చేది వీఎంలినక్స్, అంటే పేర్లూ చిరునామాలూ ఉన్న కెర్నెల్ ఫైలు. ఈ రెండూ ఒకే బిల్డ్‌లో పుట్టాలి. సోర్స్ ఒకటే అయితే చాలదు, వెర్షన్ నంబరు ఒకటే అయినా చాలదు.

మావాడు డ్రైవర్‌లో ఒక ప్రింట్ లైను కలిపి మళ్లీ బిల్డ్ చేశాడు. కొత్త ఇమేజ్‌ని కాపీ కూడా చేశాడు, కానీ బూట్‌లోడర్ చదివే పార్టిషన్‌లోకి కాదు. బోర్డు పాత కెర్నెల్‌తోనే లేచింది, జీడీబీ దగ్గర మాత్రం కొత్త సింబల్స్ (ఫంక్షన్ల, వేరియబుల్స్ పేర్లూ చిరునామాలూ). ఒక్క లైను కలిపినా దాని తర్వాతి ఫంక్షన్లు కొన్ని బైట్లు పక్కకు జరుగుతాయి, వేరియబుల్స్ చిరునామాలూ జరగొచ్చు. కేజీడీబీలో ఈ రెండూ ఒకటేనా అని అడిగేవాళ్లు ఎవరూ లేరు. జీడీబీ కిక్కురుమనదు.

ఆర్మ్ 64 మీద ఇది మరీ ప్రమాదం. ఎక్స్86లో ఇన్‌స్ట్రక్షన్ల పొడవు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. చిరునామా తప్పితే బ్రేక్‌పాయింట్ (ఇక్కడ ఆగు అని పెట్టే గుర్తు) చాలాసార్లు ఒక ఇన్‌స్ట్రక్షన్ మధ్యలో పడుతుంది, మెషిన్ క్రాష్ అవుతుంది, మీకు విషయం తెలిసిపోతుంది. ఆర్మ్ 64లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్ 4 బైట్లే. తప్పు చోట పెట్టినా బ్రేక్‌పాయింట్ బుద్ధిగా ఏదో ఒక ఇన్‌స్ట్రక్షన్ మీదే కూర్చుంటుంది. అది వేరే ఫంక్షన్‌ది. అక్కడ ఆగగానే జీడీబీ మీ ఫంక్షన్ పేరే చూపిస్తుంది, మీరు నమ్ముతారు. చదివినంతసేపు పోయేది మీ సమయమే. రాశారా, పోయేది కార్డు.

అందుకని ప్రతిసారీ, అవును, ప్రతి రీబూట్ తర్వాతా, బిల్డ్ ఐడీ (ఒక్కో బిల్డ్‌కి ఉండే గుర్తింపు) పోల్చండి. బోర్డు మీద అది సిస్ కింద కెర్నెల్ డైరెక్టరీలో నోట్స్ అనే ఫైల్లో ఉంటుంది. వీఎంలినక్స్‌లోది రీడ్‌ఎల్ఫ్ కమాండ్ చూపిస్తుంది. బోర్డు అంతవరకూ బూట్ కాకపోతే, బూట్ లాగ్ మొదట్లో వచ్చే లినక్స్ వెర్షన్ లైన్లో బిల్డ్ నంబరు, టైమ్ చూడండి. వీఎంలినక్స్ ఫైల్లోనూ అదే లైను ఉంటుంది. నిమిషం పట్టే పని. మాడ్యూల్స్‌కీ ఇదే మాట. లోడ్ అయిందంటే వెర్షన్ సరిపోయిందని మాత్రమే, మీ చేతిలో ఉన్న ఫైలే అక్కడ ఉందని కాదు.

చిరునామాలను కలగాపులగం చేసే కాస్లర్‌ని కూడా బూట్ లైన్లో ఆపేయండి. ఆర్మ్ 64కి అది 2016లో, కెర్నెల్ 4.6తో వచ్చింది. అయితే అది నోరున్న తప్పు. మరిచిపోతే బ్రేక్‌పాయింటే పడదు, జీడీబీ గోల పెడుతుంది. బిల్డ్ తేడా నోరులేనిది.

వైర్లు

రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డుల యూఆర్ట్ (కేజీడీబీ మాట్లాడే సీరియల్ పోర్టు) 3.3 వోల్టులది. యూఎస్‌బీ అడాప్టర్ మీద 5 వోల్టుల జంపర్ ఉంటే ముందు అది మార్చండి. గ్రౌండ్ కలపండి, పంపే వైరుని అందుకునే పిన్‌కి ఇవ్వండి, పవర్ వైరు కలపొద్దు. పై 4లో మంచి యూఆర్ట్ మామూలుగా బ్లూటూత్‌కి పోయి ఉంటుంది, దాన్ని వెనక్కి తెచ్చుకోండి.

కెర్నెల్ ఆగినా వాచ్‌డాగ్ ఆగదు

కేజీడీబీ కెర్నెల్‌లోని సాఫ్ట్ లాకప్ చెకింగ్‌ని (కోర్ ఇరుక్కుందేమో చూసేది) సముదాయించగలదు, హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌ని (సిస్టమ్ పలకకపోతే బోర్డుని రీసెట్ చేసే టైమర్) కాదు. పై మీద ఆ వాచ్‌డాగ్ గరిష్ఠంగా సుమారు 15 సెకన్లే ఆగుతుంది. మీరు స్టాక్ చదువుతుండగానే బోర్డు రీసెట్ అయితే అది కొత్త బగ్ అనుకుని ఒకాయన రెండు రోజులు వెతికాడు. (ఆ ఒకాయన నేనే.) సిస్టమ్‌డీలో వాచ్‌డాగ్ సెట్టింగ్ కూడా చూడండి.

ఇక మిగిలినవి వరసగా:

ఒక కోర్ ఇంటరప్ట్‌లు మూసుకుని ఇరుక్కుంటే మామూలు పిలుపుకి అది పలకదు. సూడో ఎన్ఎంఐ (ఇంటరప్ట్‌లు మూసుకున్నా అందే పిలుపు) కావాలి, దానికి జీఐసీ (ఇంటరప్ట్ కంట్రోలర్) మూడో తరం కావాలి. పై 4లో ఉన్నది జీఐసీ-400, రెండో తరం. అక్కడ ఆశ పెట్టుకోకండి.

ఒక్కో స్టెప్ వేసుకుంటూ పోతే ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోకి జారిపోవచ్చు. తర్వాతి లైన్లో బ్రేక్‌పాయింట్ పెట్టి వదలండి.

సీరియల్ డ్రైవర్ లోపల బ్రేక్‌పాయింట్ పెట్టొద్దు. మీరు కూర్చున్న కొమ్మ అదే.

జీడీబీ తెరిచే ముందు మినీకామ్ (సీరియల్ టెర్మినల్) మూసేయండి.

వాడాల్సింది మీ మామూలు జీడీబీ కాదు, వేరే ప్రాసెసర్లకీ పనికొచ్చే మల్టీఆర్చ్ జీడీబీ.

పనికొచ్చే డేటా ఉన్న కార్డుతో డీబగ్ చేయొద్దు. కాపీ తీసి కాపీతో చేయండి.

కెర్నెల్ ఆగితే ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ తెగిపోతుంది. కంగారు పడకండి.

కస్టమర్‌కి వెళ్లే బిల్డ్‌లో కేజీడీబీ ఉండకూడదు. దానికి పాస్‌వర్డ్ లేదు, వైరు పెట్టినవాడిదే మెమరీ. కెర్నెల్ లాక్‌డౌన్‌ని (రూట్ యూజర్ కూడా కెర్నెల్‌ని మార్చకుండా ఆపే రక్షణ) ఈ దారిలో దాటొచ్చని తేలాకే 2022లో సీవీఈ-2022-21499 అనే భద్రతా లోపం నంబరుతో ఈ దారిని మూశారు. పాత కెర్నెల్ వాడేవాళ్లు ఆ ప్యాచ్ ఉందో లేదో చూసుకోండి.

ప్రతి బిల్డ్‌కీ వేరే ఫోల్డర్. వీఎంలినక్స్, ఇమేజ్, మాడ్యూల్స్ అన్నీ ఒకే చోట. పాతదాని మీద కొత్తది రాయొద్దు.

విలువ మార్చే కమాండ్ కొట్టే ముందు కీబోర్డు మీంచి చేయి తీసేయండి. బిల్డ్ ఐడీ చూశారా? ఈ బూట్‌లో చూశారా, నిన్నటి బూట్‌లోనా? నిన్నటిదైతే మళ్లీ చూడండి.