హెవీవెయిట్ పోరులో పైచేయి ఎవరిదో తేల్చుకోవడం ఎలా?

అమెరికాలో శనివారం రాత్రి జరిగే హెవీవెయిట్ బాక్సింగ్ పోరు విశాఖలో మనకు ఆదివారం ఉదయం కనిపిస్తుంది, సాయంత్రానికి ఆర్కే బీచ్ గట్టు మీద దాని గురించి వాదన మొదలవుతుంది. ఆ వాదనకు దిగదలచినవారు పోరు చూసేటప్పుడే ఒక కాగితం, ఒక పెన్ను దగ్గర పెట్టుకోవాలి.

కాగితంపై ఇద్దరి పేర్లతో రెండు నిలువు వరుసలు గీసి, పన్నెండు రౌండ్లకు గడులు వేయండి. మూడు నిమిషాల రౌండు ముగిశాక వచ్చే ఒక్క నిమిషం విరామంలోనే అంకెలు వేయాలి. రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి 9, ఓడినవారు ఒకసారి నేలకు ఒరిగి ఉంటే సాధారణంగా 8. ఒకసారి వేసిన అంకెను తరువాతి రౌండు చూసి దిద్దకూడదు. పెన్సిల్ కాక పెన్ను పెట్టుకోమన్నది అందుకే.

రౌండు ఎవరిదో నిర్ణయించడానికి న్యాయనిర్ణేతలు చూసేవి నాలుగు: స్పష్టంగా తగిలిన దెబ్బలు, ఫలితమిచ్చిన దూకుడు, రింగుపై అదుపు, ఆత్మరక్షణ. వీటిలో మొదటిదే ప్రధానమని నా అభిప్రాయం. ప్రత్యర్థి గ్లవ్‌ల మీద, మోచేతుల మీద పడిన గుద్దులకు జనం ఎంత కేకలు వేసినా అవి తగిలిన దెబ్బలు కావు. కాబట్టి టీవీ శబ్దం తగ్గించి చూడడం మంచిది.

2018 డిసెంబర్ 1న లాస్ ఏంజెలెస్‌లో టైసన్ ఫ్యూరీ, డియాంటే వైల్డర్ తలపడిన పోరునే తీసుకుందాం. ఫ్యూరీ తొమ్మిదో రౌండులోనూ, పన్నెండో రౌండులోనూ కిందపడ్డాడు. ఒక న్యాయనిర్ణేత 115-111తో వైల్డర్‌కు, మరొకరు 114-112తో ఫ్యూరీకి మొగ్గగా, మూడోవారు 113-113 వేయడంతో పోరు డ్రా అయింది. ఫ్యూరీని గెలిపించిన ఆ ఒక్కరి అంకెలు చూసి, మా బీచ్ బృందంలోని ఒక మాస్టారు "రెండుసార్లు పడినవాడు గెలవడమేమిటి?" అని ఇప్పటికీ అంటారు.

ఆయనకు లెక్కే సమాధానం. పడిన ఆ రెండు రౌండ్లతో కలిపి ఫ్యూరీ నాలుగు ఓడి, మిగిలిన ఎనిమిది గెలిచాడనుకుంటే అతనికి గెలిచినవాటికి 80, పడకుండా ఓడిన రెండింటికి 18, పడిన రెండింటికి 16 కలిసి 114, వైల్డర్‌కు గెలిచిన నాలుగింటికి 40, ఓడిన ఎనిమిదింటికి 72 కలిసి 112 వస్తాయి. ఆ ఎనిమిదిలో ఒక్క రౌండు వైల్డర్‌కు మార్చితే చాలు, 113-113 అవుతుంది. ఇంకో రెండు మార్చితే 115-111తో వైల్డర్ గెలిచినట్లే. అంటే ఫ్యూరీని గెలిపించిన పట్టికకూ డ్రా పట్టికకూ ఒక్క రౌండే తేడా. "మొత్తం మీద ఎవరు బాగా ఆడారు?" అని అడిగితే ఆ వాదన తెల్లవారినా తెగదు. ఫ్యూరీ గెలవలేదనాలంటే వైల్డర్‌కు కనీసం అయిదు రౌండ్లు ఇవ్వాలి కాబట్టి, "మీరు వైల్డర్‌కు ఇచ్చిన అయిదు రౌండ్లు ఏవి?" అని అడగండి. నేను అలా అడిగితే మాస్టారు, ఫ్యూరీ పడిన రెండింటినీ వెంటనే చెప్పి, మూడోదాని దగ్గర ఆగి, ఫోన్‌లో ఆ పోరును మళ్లీ వెతకడం మొదలుపెట్టారు.