ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ లైట్ వెలిగితే ఏం చేయాలి?

అలిపిరి టోల్‌గేట్ దాటేదాకా బండి బ్రహ్మాండంగా ఉంటుంది, ఘాట్ కాస్త ఎక్కేసరికి మీటర్‌లో పసుపు రంగు ఇంజన్ లైట్ వెలుగుతుంది, కిందికి దిగి ఊళ్లో తిరుగుతుంటే కొన్నాళ్లకు దానంతటదే ఆరిపోతుంది. ఆరింది కదా అని వదిలేయకండి. చాలాసార్లు ఆ లోపం ముందునుంచే ఉంటుంది, ఊళ్లో ఇంజన్ మీద లోడ్ పడదు కాబట్టి బయటపడదంతే.

ముందు లైట్‌ను గమనించండి. ఆరుతూ వెలుగుతూ ఉంటే ఏదో సిలిండర్‌లో మిస్సింగ్, అంటే పెట్రోల్ సరిగా మండకపోవడం, గట్టిగా ఉన్నట్టు. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి మండి దాన్ని పాడుచేస్తుంది, అది మార్చాలంటే జేబుకు చిల్లే. యాక్సిలరేటర్ వదిలేసి, మలుపు కాని చోట, వెనకొచ్చే బస్సులకు కనపడేలా ఎడమకు ఆపి హజార్డ్ లైట్లు వేయండి. అదే లైట్ నిలకడగా వెలుగుతూ, ఇంజన్ వణక్కుండా, పికప్ బాగానే ఉంటే ఏసీ కట్టేసి మెల్లగా పైకి వెళ్లొచ్చు. ఎర్రగా ఆయిల్ గుర్తో టెంపరేచర్ గుర్తో వెలిగితే మాత్రం వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపాల్సిందే. రేడియేటర్ మూత వేడి మీద అస్సలు తీయకండి, మరిగే నీళ్లు ముఖాన కొడతాయి.

పెట్రోల్ బండ్లలో నేను మొదట అనుమానించేది పెట్రోల్‌ను మండించే స్పార్క్ ప్లగ్గులు, వాటికి వోల్టేజ్ ఇచ్చే కాయిల్సే. ఎక్కుడులో యాక్సిలరేటర్ లోపలికి తొక్కితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, అంత ఒత్తిడిలో స్పార్క్ రావాలంటే వోల్టేజ్ ఎక్కువ కావాలి, అరిగిన ప్లగ్గో చీలిక వచ్చిన కాయిలో అక్కడే చేతులెత్తేస్తుంది. ఫ్యూయల్ పంప్ నీరసించినా, ఫిల్టర్ మూసుకుపోయినా ఇదే కథ. డీజిల్ అయితే ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి వచ్చే గాలి పైపు ఎక్కడైనా చిరిగిందా, క్లిప్ వదులైందా చూడమనండి.

తప్పు ఏంటో తెలిపే కోడ్ ఒకటి ఇంజన్ కంప్యూటర్ దాచుకుంటుంది. షెడ్డుకు వెళ్లగానే ఆ కోడ్ చెరిపేయనివ్వకండి, ముందు దాన్ని చదివే స్కానర్ పెట్టించి రాసుకోండి. తప్పు దొరికిన క్షణంలో ఆర్‌పీఎం, లోడ్, ఇంజన్ వేడి ఎంతున్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్ అని కంప్యూటర్‌లో ఉంటుంది, చెరిపితే అదీ పోతుంది. పీ0302 వచ్చిందనుకోండి, రెండో సిలిండర్‌లో మిస్సింగ్ అని అర్థం. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ ఉన్న బండి అయితే రెండోదాని కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి పెట్టి మళ్లీ ఎక్కుడులో నడపండి. కోడ్ పీ0303గా మారితే కాయిలే దొంగ, మారకపోతే ప్లగ్, ఆపైన ఇంజెక్టర్ చూడాలి. ఇలా చేస్తే నాలుగు కాయిల్సూ ఒకేసారి కొనే ఖర్చు తప్పుతుంది.

రిపేరయ్యాక బజారులో ఒక రౌండ్ కొట్టి బాగుందంటే ఒప్పుకోకండి. తిరుపతి వాళ్లయితే భాకరాపేట ఘాట్, చిత్తూరు వాళ్లయితే మొగిలి ఘాట్ ఎక్కించి చూసి, లైట్ రాకపోయినా పెండింగ్ కోడ్ (తప్పు కనిపించినా ఇంకా లైట్ వెలిగేదాకా రానిది) ఏమైనా ఉందేమో ఇంకోసారి స్కాన్ చేయించండి.