చిన్న ఇంజిన్‌కు రెండు టర్బోలా? ముందు గాలి లెక్క వేసుకోండి

1.0 నుంచి 1.6 లీటర్ల పెట్రోలు ఇంజిన్‌కు రెండు ఒకేలాంటి టర్బోలను (ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరాలను) పక్కపక్కన బిగించడం దాదాపు ఎప్పుడూ దండగే. అదే సైజు డీజిల్‌కు ఒక చిన్న టర్బో, ఒక పెద్ద టర్బో వరుసగా పెడితే మాత్రం అర్థముంది. ఈ తేడా ఎందుకొస్తుందో తెలియాలంటే టర్బో కొనకముందే కాగితం మీద చిన్న లెక్క చేయాలి.

1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను తీసుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకొకసారి తన మొత్తం సీసీ అంత గాలి పీల్చుకుంటుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 1.2 × 3000 = 3600 లీటర్లు. సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి 0.9తో గుణిస్తే 3240 లీటర్లు. 30 డిగ్రీల వేడిలో ఘనమీటరు గాలి బరువు 1.16 కిలోలు, అంటే టర్బో లేకుండా నిమిషానికి సుమారు 3.8 కిలోలు. 0.7 బార్ బూస్ట్ (బయటి గాలి ఒత్తిడికి పైన టర్బో ఇచ్చే అదనపు ఒత్తిడి) ఇస్తే ప్రెషర్ రేషియో, అంటే బయటి ఒత్తిడికి ఎన్ని రెట్లో ఆ లెక్క, 1.7 అవుతుంది. గాలి వేడెక్కడం, ఇంటర్‌కూలర్‌లో (నొక్కిన గాలిని చల్లబరిచే రేడియేటర్‌లో) ఒత్తిడి పడిపోవడం తీసేస్తే సాంద్రత 1.5 రెట్లు పెరుగుతుందనుకోండి. మొత్తం 5.6 కిలోలు. గాలి, పెట్రోలు నిష్పత్తి 12:1 దగ్గర ఆ గాలితో సుమారు 115 హార్స్‌పవర్ వస్తుంది.

ఆ మాత్రం గాలిని చిన్న కార్లకు వచ్చే మామూలు టర్బో ఒక్కటే తేలిగ్గా తోస్తుంది. రెండు పెడితే ఒక్కోదానికి వచ్చేది నిమిషానికి 2.8 కిలోలు. ఇంకా ముఖ్యమైన విషయం, ఇదే ఇంజిన్‌కు 2500 ఆర్‌పీఎం దగ్గర అదే బూస్ట్‌లో 2.2 కిలోలు చాలు. అంటే కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే చక్రం) 2.2 నుంచి 5.6 వరకు, రెండున్నర రెట్ల పరిధిని భరించాలి. రెండుగా పంచితే 1.1 నుంచి 2.8 అవుతుంది. పరిధి మళ్లీ రెండున్నర రెట్లే! సమాంతరంగా పెట్టిన జంట టర్బోలు గాలిని పంచుకుంటాయే తప్ప, కింది ఆర్‌పీఎంలో ముందుగా లేచి పై ఆర్‌పీఎంలో ఊపిరాడే గుణాన్ని తీసుకురావు. చాలామంది ఆశపడేది మాత్రం సరిగ్గా దానికే.

చిన్న చక్రాలు త్వరగా తిరుగుతాయి కదా అంటే, కొంతవరకు నిజమే. సగం గాలికి సరిపోయే చక్రం వ్యాసం పెద్దదానిలో 70 శాతం. జడత్వం వ్యాసానికి అయిదో ఘాతంగా తగ్గుతుంది, కానీ అంచు వేగం అంతే ఉండాలంటే చిన్న చక్రం 1.4 రెట్లు ఎక్కువ వేగంగా తిరగాలి. రెండు చక్రాలనూ కలిపితే వాటిని లేపడానికి కావలసిన శక్తి ఒకే పెద్ద చక్రానికి కావలసిన దానిలో 71 శాతం. కాగితం మీద 29 శాతం లాభం. ఆచరణలో అందులో చాలా భాగం ఆవిరైపోతుంది. చక్రం చిన్నదైనంత మాత్రాన బ్లేడు అంచుకీ హౌసింగ్‌కీ మధ్య సందు అదే నిష్పత్తిలో తగ్గదు, కాబట్టి లీకయ్యే గాలి శాతం పెరుగుతుంది. బేరింగులు రెండింతలవుతాయి, రాపిడి పెరుగుతుంది. ఎగ్జాస్ట్ వేడి పోగొట్టుకునే లోహం కూడా ఎక్కువే.

సామర్థ్యం పడిపోతే ఏమవుతుందో వేడిలో చూడండి. 30 డిగ్రీల గాలిని 1.7 రేషియోకు నొక్కితే, 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ నుంచి అది 101 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది, 60 శాతమైతే 113 దగ్గర. ఆ పన్నెండు డిగ్రీలు ఇంటర్‌కూలర్ మీదా, నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలి ఇంజిన్‌ను దెబ్బతీయడం) మీదా పడతాయి.

మరి ఫ్యాక్టరీలు రెండెందుకు పెట్టాయి? 1981లో వచ్చిన మసెరాటి బైటర్బోది రెండు లీటర్ల వీ6. రెండు వైపులా రెండు ఎగ్జాస్ట్‌లు ఉన్నాక ఒక్కో వైపు ఒక్కో టర్బో పెట్టడమే సులువు. నిస్సాన్ ఆర్‌బీ26 ఇన్‌లైన్ ఆరు సిలిండర్లది, మూడేసి సిలిండర్లకు ఒక టర్బో. బీఎండబ్ల్యూ మూడు లీటర్ల ఎన్54లో రెండు టర్బోలుండేవి. 2009లో వచ్చిన ఎన్55లో వాటి స్థానంలో ఒకే ట్విన్ స్క్రోల్ టర్బో (ఎగ్జాస్ట్ రెండు వేరు దారుల్లో చక్రానికి చేరేది) పెట్టింది. ‘ట్విన్‌పవర్ టర్బో’ అని ఆ కంపెనీ బ్యాడ్జ్ చూసి రెండున్నాయనుకోకండి, చాలా మోడళ్లలో ఉండేది ఒక్కటే. ఇక మూడు సిలిండర్ల ఇంజిన్‌లో రెండు టర్బోలకు సమానంగా పంచేందుకు సిలిండర్లే లేవు. పైగా 240 డిగ్రీలకొక పల్స్ వస్తుంది కనుక ఒకదాని ఎగ్జాస్ట్ ఇంకోదాన్ని పెద్దగా అడ్డుకోదు. మామూలు సింగిల్ స్క్రోల్ టర్బోకు అంతకన్నా అనుకూలమైన అమరిక లేదు. ఫోర్డ్ 999 సీసీ ఎకోబూస్ట్ ఒక్క టర్బోతోనే బతికింది.

పరిధి నిజంగా పెంచాలంటే రెండు దారులున్నాయి. సీక్వెన్షియల్ పద్ధతిలో ముందు ఒక టర్బోనే పనిచేస్తుంది, ఆర్‌పీఎం పెరిగాక వాల్వ్ తెరుచుకుని రెండోది జతకలుస్తుంది. మాజ్దా ఆర్ఎక్స్-7 (1308 సీసీ రోటరీ), రెండు లీటర్ల సుబారు లెగసీ దీన్ని రోడ్డు కార్లలో వాడాయి. చిక్కంతా ఆ మార్పిడి దగ్గరే. రెండోది పూర్తిగా లేవకముందే వాల్వ్ తెరుచుకుంటే బూస్ట్ గోతిలో పడుతుంది. వాక్యూమ్ గొట్టాలు, సాలినాయిడ్లు (కరెంటుతో పనిచేసే వాల్వులు), చెక్ వాల్వులు పెరుగుతాయి. పగిలిన గొట్టం ఒక్కటి చాలు, రెండో టర్బో మూలపడుతుంది. ఇంట్లో ఇంజిన్ కట్టుకునేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

రెండోది వరుస పద్ధతి. పెద్ద టర్బో నొక్కిన గాలిని చిన్నది మళ్లీ నొక్కుతుంది. 1.7 మీద 1.7 అంటే దాదాపు 2.9 రేషియో. డీజిల్‌కు నాకింగ్ భయం లేదు కనుక అంత ఒత్తిడిని వాడుకోగలదు. రెనో, ఓపెల్ తమ 1.6 లీటర్ల డీజిళ్లలో ఈ పద్ధతితోనే 160 హార్స్‌పవర్ తీశాయి. పెట్రోలు ఇంజిన్ అంత ఒత్తిడికి ముందే నాక్ అవుతుంది.

పెట్రోలు నాలుగు సిలిండర్లకు మా మొదటి ఓటు ట్విన్ స్క్రోల్ టర్బోకే. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 అయితే 1, 4 సిలిండర్ల పైపులు ఒక స్క్రోల్‌కి, 2, 3 పైపులు రెండోదానికి వెళ్లాలి. 1, 2 ఒక జత, 3, 4 ఒక జతగా కలిపితే ట్విన్ స్క్రోల్ ప్రయోజనం పోతుంది. వెల్డింగ్‌కు అదే సులువు కాబట్టి ఈ తప్పు తరచూ జరుగుతుంది. బయటి వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్‌ను చక్రం పక్కనుంచి మళ్లించే వాల్వ్) పెడితే రెండు స్క్రోళ్ల మధ్య గోడ వేస్ట్‌గేట్ సీటు వరకూ రావాలి. ఫోక్స్‌వ్యాగన్ 2005లో 1.4 టీఎస్ఐకి సూపర్‌చార్జర్ (ఇంజిన్ బెల్టుతో తిరిగే గాలి పంపు), టర్బో రెండూ పెట్టి 170 హార్స్‌పవర్ తీసింది. తర్వాతి తరం 1.4లో ఆ సూపర్‌చార్జర్‌ను వదిలేసింది.

ఒక టర్బో అని తేల్చుకున్నాక ముందు ఇంజిన్‌ను పరీక్షించండి. కంప్రెషన్ టెస్టులో సిలిండర్ల మధ్య తేడా 10 శాతం మించితే టర్బో సంగతి అటుంచి, రింగులు, వాల్వులు చూడండి. పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి కాక గాలి దారిలో చిమ్మే) ఇంజిన్‌లో కంప్రెషన్ రేషియో 9:1 దగ్గర ఉంటే 0.7 బార్ భద్రం. 11:1 ఉన్న ఇంజిన్‌కు అదే బూస్ట్ ఇస్తే ఇగ్నిషన్ టైమింగ్ ఎంతో వెనక్కి లాగాల్సొస్తుంది, అప్పుడు ఎగ్జాస్ట్ వేడెక్కి టర్బైన్ (ఎగ్జాస్ట్ తిప్పే చక్రం) మీద పడుతుంది.

ఇంజెక్టర్ల లెక్క గాలి లెక్కలోంచే వస్తుంది. 5.6 కిలోల గాలిని 12తో భాగిస్తే నిమిషానికి 467 గ్రాముల పెట్రోలు. నాలుగింటికి పంచితే ఒక్కోదానికి 117. డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం వాటా) 80 శాతం దాటకూడదు, కాబట్టి 146 గ్రాములు, అంటే నిమిషానికి దాదాపు 200 సీసీ. 240 సీసీ ఇంజెక్టర్లు తీసుకుంటే కాస్త వెసులుబాటు ఉంటుంది. పంపు కూడా బూస్ట్ ఒత్తిడికి ఎదురుగా ఆ మొత్తాన్ని ఇవ్వగలగాలి. ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి (వేడిని త్వరగా వదిలేవి), గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. గ్యాప్ ఎక్కువైతే బూస్ట్‌లో నిప్పురవ్వ ఆరిపోయి ఇంజిన్ దగ్గుతుంది. జనం దాన్ని పెట్రోలు కొరత అనుకుని ఇంకా పోస్తారు.

చాలా టర్బోలను చంపేది ఆయిల్ తిరిగి వచ్చే గొట్టం. టర్బో నుంచి ఆయిల్ నురగగా, ఒత్తిడి లేకుండా కిందికి జారుతుంది. అందుకే గొట్టం లోపలి వ్యాసం కనీసం 16 మిల్లీమీటర్లు ఉండాలి, వీలైనంత నిటారుగా దిగాలి, ఎక్కడా లోయలా వంగకూడదు, ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌లోని మట్టానికి పైన కలవాలి. ఈ నాలుగింటిలో ఏది తప్పినా ఆయిల్ సీలు దాటి సైలెన్సర్‌లో నీలిపొగగా వస్తుంది, టర్బో పాడైందని మారుస్తారు, కొత్తదీ అలాగే పొగ కక్కుతుంది. బాల్ బేరింగ్ టర్బోకు ఆయిల్ వచ్చే వైపు ఒక మిల్లీమీటరు రంధ్రమున్న రిస్ట్రిక్టర్ పెట్టాలి. బుష్ బేరింగ్ రకానికి సాధారణంగా అక్కర్లేదు.

ఇంత చెప్పినా రెండే కావాలంటే, ఆయిల్, కూలెంట్ కలిపి 8 గొట్టాలకు చోటు చూసుకోండి. రెండు వేస్ట్‌గేట్ యాక్చుయేటర్లకూ (గాలి ఒత్తిడితో వేస్ట్‌గేట్‌ను తెరిచే భాగాలకూ) ఒత్తిడి ఒకే చోటు నుంచి, ఒకే సాలినాయిడ్ ద్వారా రావాలి. చేతి పంపుతో ఒక్కోటి ఏ ఒత్తిడి దగ్గర కదలడం మొదలుపెడుతుందో కొలిచి, రాడ్ పొడవు సర్ది తేడాను 0.02 బార్ లోపుకి తెండి. లేకపోతే ఒక టర్బో ముందుగా తగ్గిపోతుంది, రెండోది దానిమీద ఒత్తిడి పెట్టి సర్జ్‌లోకి (గాలి కంప్రెసర్ నుంచి వెనక్కి తన్నే స్థితిలోకి) నెడుతుంది. థ్రాటిల్ వదలకుండానే రెపరెపలాడే శబ్దం వస్తే అనుమానించాల్సింది దీన్నే.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు టర్బోలో కాస్త ఆయిల్ పోసి, ఇగ్నిషన్, పెట్రోలు తీసేసి ఆయిల్ ప్రెషర్ చూపించేదాకా సెల్ఫ్ తిప్పండి. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ (గాలి, పెట్రోలు నిష్పత్తి కొలిచేది) లేకుండా బూస్ట్‌లోకి వెళ్లకండి. ముందు వేస్ట్‌గేట్ స్ప్రింగ్ ఒత్తిడితోనే నడిపి, మిశ్రమం 11.5 నుంచి 12 మధ్య నిలబడి, నాక్ లేదని తేలాకే బూస్ట్‌ను 0.1 బార్ చొప్పున పెంచండి.