మ్యాగ్నెటిక్ లొకేటర్‌తో భూమిలో పూడిపోయిన ఇనుముని వెతకడం ఎలా?

స్థలం మూలల్లో హద్దు కోసం పాతిన ఇనప కడ్డీ, మట్టి పోసి చదును చేసినప్పుడు కిందకి పోయిన మ్యాన్‌హోల్ మూత, ఎప్పుడో మూసేసిన బోరు కేసింగ్ పైపు, ఎవరికీ గుర్తులేని వాల్వ్ బాక్స్, ఇలాంటివి వెతకాలంటే చేతిలో పట్టుకుని తిరగగలిగే మ్యాగ్నెటిక్ లొకేటర్ చాలా మంచి సాధనం. సర్వే పనిలో ఉన్నవాళ్లు దీన్ని రోజూ వాడతారు. కానీ కొత్తగా తీసుకున్నవాళ్లు చాలామంది మొదటి రెండు రోజుల్లోనే విసిగిపోతారు, ఎందుకంటే సౌండ్ పెరిగిన ప్రతిచోటా పార వేస్తారు, పదిచోట్ల తవ్వితే తొమ్మిదిచోట్ల తుప్పు మేకో డబ్బా మూతో వస్తుంది. లొకేటర్ మీకు చెప్పేది ఒక్కటే, ఇక్కడ అయస్కాంత క్షేత్రం చుట్టుపక్కల కంటే తేడాగా ఉంది అని. ఆ తేడా ఎంత వెడల్పు ఉంది, పైకెత్తితే ఎంత తొందరగా తగ్గుతోంది, ఒకచోటే ఉందా రెండుచోట్ల ఉందా అన్నది మీరు చదవాలి. తవ్వకం దాని తర్వాతే.

లోపల ఏం జరుగుతుంది

ఇది కొంచెం తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. పొడవాటి గొట్టం లోపల పైన ఒకటి కింద ఒకటి రెండు సెన్సర్లు ఉంటాయి, మోడల్‌ని బట్టి వాటి మధ్య ఒక అడుగు నుంచి అడుగున్నర పైచిలుకు దూరం ఉంటుంది. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే వీటిని ఫ్లక్స్‌గేట్ సెన్సర్లు అంటారు, 1930లలో వచ్చిన టెక్నాలజీ, రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల్లోంచి నీళ్ల కింద ఉన్న సబ్‌మెరైన్లని పట్టుకోవడానికి వాడింది కూడా ఇదే. భూమికి ఎలాగూ తన అయస్కాంత క్షేత్రం ఉంది, చోటుని బట్టి సుమారు 25,000 నుంచి 65,000 నానోటెస్లాల (అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. అది రెండు సెన్సర్లకీ ఒకేలా తగులుతుంది కాబట్టి లొకేటర్ ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే దాదాపు సున్నా వస్తుంది, మీకు సన్నటి నెమ్మది గుర్రు మాత్రమే వినిపిస్తుంది. కింద ఇనుముంటే కింది సెన్సర్‌కి అది దగ్గర, పై సెన్సర్‌కి దూరం, అందుకని రెండిటికీ పొత్తు కుదరదు, ఆ తేడా పెరిగేకొద్దీ గుర్రు కాస్తా కీచుగా మారుతుంది.

మామూలు మెటల్ డిటెక్టర్ పని వేరు. అది తనే భూమిలోకి సిగ్నల్ పంపి ఏ లోహం తగిలినా చెప్తుంది. మ్యాగ్నెటిక్ లొకేటర్ ఏమీ పంపదు, ఉన్నదాన్ని వింటుందంతే. అందుకే దీనికి ఇనుము, ఉక్కు, పోత ఇనుము, ఇంకా అయస్కాంతాలు దొరుకుతాయి. బంగారం, వెండి, రాగి, ఇత్తడి, అల్యూమినియం అసలు తెలియవు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో చాలా రకాలు కూడా దీనికి కనపడవు, ప్లాస్టిక్ పైపు గురించి చెప్పక్కర్లేదు. దీంట్లో పెద్ద లాభం కూడా ఉంది, చెత్తలో ఉండే అల్యూమినియం డబ్బాలు, రేకు కాగితాలు అడ్డురావు.

ఎంత లోతు అందుతుంది

అందరూ మొదట అడిగేది ఇదే. ఒక్క నంబర్ చెప్పడం కుదరదు, ఎందుకంటే వస్తువు ఎంత పెద్దది, ఎలా ఉంది అన్నదాన్ని బట్టి మారిపోతుంది. సుమారుగా చెప్పాలంటే సర్వే మేకు ఒక అడుగు లోతు లోపల, మ్యాన్‌హోల్ ఇనప మూత ఏడెనిమిది అడుగుల వరకు, బోరు కేసింగ్ లాంటి పొడవాటి నిలువు పైపు ఇంకా లోతులో ఉన్నా అందుతుంది. దూరం పెరిగితే సిగ్నల్ చాలా వేగంగా పడిపోతుంది, చిన్న వస్తువు అయితే దూరం రెట్టింపయితే దాని క్షేత్రం ఎనిమిదో వంతుకి వచ్చేస్తుంది. నిలువుగా పాతిన పొడవాటి కడ్డీ అయితే అంత వేగంగా తగ్గదు, దాని పై కొస మీకు దగ్గరగా ఉంటుంది, రెండో కొస ఎక్కడో కింద ఉండి దాన్ని పెద్దగా రద్దు చేయలేదు. ఒకే బరువున్న ఇనుము ఉండలా ఉంటే దొరకనిది కడ్డీలా నిలబెట్టి పాతితే దొరకడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి, పూర్తిగా తుప్పుగా మారిపోయిన ఇనుము దాదాపు కనపడదు. లోపల గట్టి ఇనుము కొంచెం మిగిలున్నా పర్లేదు, సౌండ్ వస్తుంది, మొత్తం ఎర్రమట్టి అయిపోతే మాత్రం కష్టం.

1. ముందు మీ ఒంటిమీద ఇనుము తీసేయండి

పై సెన్సర్ మీ చెయ్యి పట్టుకునే చోటికి దగ్గర్లోనే ఉంటుంది. లొకేటర్ పట్టుకున్న చేతికే వాచీ ఉంటే అది ఊపినప్పుడల్లా సౌండ్ మారుతూ ఉంటుంది, వాచీ రెండో చేతికి మార్చండి. ఫోన్ జేబులో పెట్టుకోకండి, దాని స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది, కవర్‌కి అయస్కాంతం మూత ఉంటే మరీ దారుణం. ఉక్కు ముందుభాగం ఉన్న సేఫ్టీ షూస్ వేసుకుంటే లొకేటర్ కొస కాళ్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా అరుస్తుంది. పార, గడ్డపార కూడా మీతో మోసుకు తిరగకండి, ఓ పది అడుగుల అవతల పెట్టండి, బండి అయితే ఇంకా దూరం.

2. బ్యాటరీ, సెట్టింగ్

స్విచ్ వేసి ఒక మేకుని నేలమీద పెట్టి దాని మీదుగా ఊపి చూడండి, సౌండ్ స్పష్టంగా పెరిగి తగ్గితే అంతా బాగుందని. సెన్సిటివిటీ మీడియంలో మొదలుపెట్టండి. హైలో పెడితే ఎక్కువ లోతు దొరుకుతుందనుకుని చాలామంది నాబ్ చివరిదాకా తిప్పేస్తారు, అలా చేస్తే దూరంగా ఉన్న కంచె, పక్కింటి గేటు, కాంక్రీట్‌లోని కడ్డీలు అన్నీ కలిసి ఒకటే గోల. ఖాళీ చోట గుర్రు సన్నగా, నిలకడగా ఉండే సెట్టింగే మీ సెట్టింగ్, నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన అలవాటు.

3. ఊపుతూ నడవడం

లొకేటర్‌ని కొంచెం ముందుకి వాల్చి, కొస నేలకి ఓ అరడుగు ఎత్తులో ఉంచి, అటూ ఇటూ నెమ్మదిగా ఊపుతూ నడవండి. ఒక ఊపుకీ ఇంకో ఊపుకీ మధ్య ఖాళీ వదలకండి. చోటు పెద్దదయితే తాడు కట్టుకునో సున్నం గీత వేసుకునో వరసలుగా వెళ్లండి, కంటితో అంచనా వేసి నడిస్తే మధ్యలో మిగిలిపోయిన రెండడుగుల పట్టీలోనే మీ కడ్డీ ఉంటుంది. చేతిలో పాత కొలతలో ప్లానో ఉంటే ముందు టేపుతో కొలిచి అక్కడే మొదలుపెట్టండి, స్థలమంతా జల్లెడ పట్టక్కర్లేదు. సౌండ్ పెరిగిన ప్రతిచోటా ఆగి తవ్వకుండా ఒక చిన్న ప్లాస్టిక్ జెండానో కర్రపుల్లో గుచ్చి ముందుకెళ్లిపోండి, ఇనప పుల్ల మాత్రం గుచ్చొద్దు.

4. సరిగ్గా ఎక్కడ?

ఇప్పుడు గుర్తు పెట్టిన చోటికి రండి. లొకేటర్‌ని నిట్టనిలువుగా పట్టుకుని, ఎడమ నుంచి కుడికి ఒకసారి, ముందు నుంచి వెనక్కి ఒకసారి, కూడిక గుర్తు వేసినట్టు జరపండి. రెండు గీతలు కలిసే చోట సౌండ్ గరిష్ఠంగా ఉంటే నిలువు కడ్డీ దాని కిందే. జరిపేటప్పుడు లొకేటర్ వాలకూడదు, ఒక పక్కకి వాలితే గరిష్ఠం కూడా పక్కకి జరుగుతుంది, అరడుగు తేడాలో గొయ్యి తవ్వి ఏమీ లేదనుకుని వెళ్లిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. సౌండ్ మరీ ఎక్కువై గరిష్ఠం ఎక్కడో తెలియకపోతే సెన్సిటివిటీ తగ్గించండి, లేదా లొకేటర్‌ని పైకెత్తండి.

5. పైకెత్తి వినండి

ఈ స్టెప్ చాలామంది వదిలేస్తారు, నిజానికి సగం గోతులు తవ్వకుండా ఆపేది ఇదే. సౌండ్ బాగా వస్తున్నచోట లొకేటర్‌ని నిలువుగానే ఉంచి ఓ అడుగు పైకెత్తండి. ఒక్కసారిగా చచ్చిపోతే అది పైపైన ఉన్న చిన్న మేకో, తీగ ముక్కో, సీసా మూతో. కాస్తే తగ్గి ఇంకా వినపడుతూ ఉంటే వస్తువు లోతులోనైనా ఉండాలి పెద్దదైనా అయ్యుండాలి. ఇక వెడల్పు చూడండి, సౌండ్ జానెడు చోటులోనే లేచి పడితే చిన్నది, మూడు నాలుగు అడుగుల మేర నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగితే లోతు. మీరు వెతుకుతున్నది హద్దు కడ్డీ అయితే పైకెత్తగానే పోయే సిగ్నల్స్ అన్నీ పక్కన పెట్టేసి, నిలబడేవాటి దగ్గరికి ముందు వెళ్లండి.

6. పడుకుని ఉన్న వస్తువు మోసం చేస్తుంది

అడ్డంగా పడున్న పైపు లేదా కడ్డీ మీద మామూలుగా రెండు గరిష్ఠాలు వస్తాయి, రెండు కొసల దగ్గర ఒక్కొక్కటి, మధ్యలో సౌండ్ పడిపోతుంది. తెలియనివాళ్లు రెండు వేర్వేరు వస్తువులనుకుని రెండు గోతులు తవ్వుతారు. డిస్‌ప్లేలో ప్లస్, మైనస్ చూపించే మోడల్ అయితే ఒక కొసలో ప్లస్, ఇంకో కొసలో మైనస్ కనిపిస్తుంది, అది చూశారంటే ఒకే వస్తువు అడ్డంగా ఉందని చాలావరకు అనుకోవచ్చు. నిలువు కడ్డీకి ఒకటే గరిష్ఠం, అది మీ హద్దు కడ్డీ అయ్యే అవకాశం ఎక్కువ. పాత పోత ఇనప పైపులైన్ అయితే జాయింట్ జాయింట్‌కీ సౌండ్ లేస్తుంది, మధ్యలో పడిపోతుంది, కాబట్టి ఒక జాయింట్ దొరికిందని ఆగకుండా అదే వరసలో ముందుకెళ్లి ఒక్కో జాయింట్‌కీ గుర్తు పెడుతూ పోతే లైను ఎటు పోతోందో దానంతటదే కనపడుతుంది.

కంచె, కాంక్రీట్, కరెంటు

ఇనప కంచె పక్కన లొకేటర్ ఒకటే అరుస్తుంది, కానీ హద్దు కడ్డీలు ఉండేది తరచూ కంచె కిందే. అప్పుడు సెన్సిటివిటీ బాగా తగ్గించి, లొకేటర్‌ని నేలకి సమాంతరంగా పడుకోబెట్టినట్టు పట్టుకుని, కొస కంచె వైపు, చేతి వైపు కంచెకి దూరంగా ఉండేలా పెట్టి, కంచె వెంబడి నెమ్మదిగా జరపండి. ఇలా చేస్తే పై సెన్సర్ కంచెకి దూరమవుతుంది. కొసలోని సెన్సర్ కడ్డీ మీదకి రాగానే సౌండ్ హఠాత్తుగా పడిపోతుంది, కొంచెం అటూ ఇటూ కదిపితే మళ్లీ లేస్తుంది. ఇక్కడ వెతకాల్సింది ఆ పడిపోయే చోటు. దీనికి ఓపిక కావాలి, ఒకే ఎత్తు, ఒకే కోణం తప్పకుండా పట్టుకోవాలి.

కడ్డీలు వేసిన కాంక్రీట్ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. కాల్చిన ఇటుకలు, నల్లరాయి, నల్ల ఇసుక ఎక్కువగా ఉన్న నేల కూడా కొంచెం సౌండ్ ఇస్తాయి, ఇటుకలు కాలి చల్లారేటప్పుడు వాటిలోని ఇనప ఖనిజం కాస్త అయస్కాంతంలా మారుతుంది. ఇలాంటి చోట లొకేటర్‌ని మామూలు కంటే ఎత్తుగా పట్టుకుంటే ఆ గోల తగ్గి పెద్ద వస్తువు విడిగా తెలుస్తుంది. సౌండ్ కీచులా కాకుండా వణుకుతున్నట్టు, గరగరమన్నట్టు వస్తే కరెంటు పోతున్న కేబుల్ దగ్గర్లో ఉండొచ్చు. అక్కడ పార వేయకండి.

తవ్వే ముందు

దీన్ని చాలా సీరియస్‌గా తీసుకోండి. లొకేటర్ నిశ్శబ్దంగా ఉందంటే కింద ఏమీ లేదని కాదు. ప్లాస్టిక్ గ్యాస్ పైపు, రాగి తీగల కేబుల్, ఆప్టికల్ ఫైబర్, ఏదీ దీనికి తెలియకపోవచ్చు, కాబట్టి కిందనుంచి ఏ లైన్లు పోతున్నాయో సంబంధిత సంస్థల్ని ముందే అడిగి గుర్తులు వేయించుకోండి. పాత యుద్ధాలు జరిగిన చోట్లలోనో, ఆర్మీ శిక్షణ జరిగిన నేలలోనో అయితే పేలని బాంబు, షెల్ ఉండే అవకాశం ఉంది, పేలని గుండ్లు వెతికేవాళ్లు కూడా ఇలాంటి పరికరాలే వాడతారు. అలాంటి చోట సౌండ్ వస్తే తవ్వొద్దు, తట్టొద్దు, గుర్తు మాత్రం దూరం నుంచి మనసులో పెట్టుకుని వెనక్కి వచ్చి పోలీసులకి చెప్పండి. ఇంకొకరి స్థలమైతే అనుమతి, పురావస్తు రక్షణ ఉన్న చోటయితే అసలు వద్దు.

తవ్వేటప్పుడు గరిష్ఠం ఉన్న పాయింట్ మీదే గడ్డపార దించకండి, కొంచెం పక్కనుంచి మొదలుపెట్టి చేతి తాపీతో లోపలికి రండి. ముఖ్యంగా హద్దు కడ్డీ అయితే అది ఒక అంగుళం కదిలినా దాని విలువ పోయినట్టే. ప్రతి అరడుగుకీ ఆగి పారని దూరం పెట్టి లొకేటర్ కొసని గోతిలో పెట్టి వినండి, సౌండ్ గోతి గోడలోంచి వస్తోందా అడుగులోంచి వస్తోందా తెలుస్తుంది. మేకు దొరికి తీసేశాక కూడా మళ్లీ ఒకసారి ఊపండి, చిన్న మేకు కింద అసలు కడ్డీ దాక్కుని ఉండటం మామూలే.

దొరికాక పూడ్చే ముందు రెండు కదలని చోట్ల నుంచి, గోడ మూల లాంటివి, టేపుతో దూరాలు కొలిచి ఒక కాగితం మీద రాసి ఫొటో తీసుకోండి. తర్వాత మళ్లీ వెతకాల్సి వచ్చే వాల్వో ట్యాంక్ మూతో అయితే దాని పక్కన ఒక జానెడు ఇనప కడ్డీని నిలువుగా పాతండి, వీలైతే దాని పై కొసకి దగ్గరగా ఒక బలమైన అయస్కాంతం కూడా వేయండి, ప్లాస్టిక్ మూత ఉన్న గుంతలకి ఇది మంచి దారి, తర్వాత వచ్చేవాళ్లు లొకేటర్ ఒక్కసారి ఊపితే దొరికిపోతుంది.